దిగువమెట్ట దాకా టికెట్టు

ఆమెకు ఏ వస్తువునైనా వేలి కణుపుతో కొట్టి చూసే అలవాటు ఉండేది. నీళ్ల బిందె, బడి గోడ, పిల్లల టిఫిను డబ్బా, కొత్తగా వచ్చిన బెంచీ, ఏదైనా సరే. టక్కున ఒక్క దెబ్బ కొట్టి, తల కొంచెం పక్కకు వంచి వినేది. పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేస్తే అబ్బిన అలవాటట అది. మంచి రాయి అయితే కంగుమంటుంది. కంటికి కనపడని చీలిక లోపల ఉంటే మొద్దుగా మోగుతుంది. అలాంటి దాన్ని చట్రం బిగించక ముందే తీసి పక్కన పెట్టాలి.

నన్ను మాత్రం ఆమె ఎప్పుడూ కొట్టి చూడలేదు. చూసి ఉంటే ఆ మొద్దు చప్పుడు అప్పుడే వినపడేది.

పోయిన నెలలో ఆమె చనిపోయింది. మార్కాపురంలో మా బజారు వాళ్లలో కొందరికి ఆమె గుర్తుండే ఉంటుంది. ఏమని గుర్తుందో కూడా నాకు తెలుసు. "బడిలో పిల్లలకు మతం ఎక్కిస్తాందని తీసేసినారే, ఆ ఆయమ్మ" అని. ఆ మాట పుట్టించింది నేను. అది నిజం కాదని అదే రోజు సాయంత్రానికి నాకు తెలిసిపోయింది. పదిహేనేళ్లుగా తెలిసే ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది అందుకే. ఆమె పేరు రాయను. ఆ పేరును ఒకసారి బజారుకు ఈడ్చాను, చాలు.

అప్పుడు మా పాప మూడో తరగతి. మాకు ఒక్కతే. పొద్దున ఏడు కొట్టేసరికి పిల్ల మాట పడిపోయేది. ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుంటే బుగ్గలోనే ఉండిపోయేది. కడుపులో నొప్పి అనేది. బూట్లు తొడిగే వేళకు చేతులు చల్లబడేవి. వీధి మలుపు తిరిగేలోపు ఒక్కోసారి వాంతి. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండేది కాదు. దాంతో నేను తీర్పు చెప్పేశాను, పిల్ల దొంగ వేషాలు వేస్తోందని.

ఇంట్లో తలా ఒక వైద్యం చేశాం. మా ఆవిడ వాము నీళ్లు తాగించింది. డాక్టరు బలానికి టానిక్కు రాశాడు. మా అమ్మ, పిల్ల ఎక్కడో జడుసుకుందని దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. నేను మొదట చాక్లెట్లు ఇచ్చాను, తర్వాత మా అన్న కొడుకుతో పోల్చి తిట్టాను, తర్వాత కొట్టాను. ఇంతమందిమి ఇన్ని చేశాం గానీ, ఏమవుతోందమ్మా నీకు అని పక్కన కూర్చుని అడిగిన వాళ్లు లేరు.

నాకు తెలిసిన పద్ధతి అదే. నా ఎనిమిదో ఏట, ఎక్కాలు అప్పజెప్పమంటే నోరు పెగలడం లేదని అయ్యవారు చెబితే, మా నాయన నన్ను కిరాణా దుకాణం వెనుక గోదాములో బెల్లం దిమ్మెల మధ్య పెట్టి తలుపు వేశాడు. మధ్యాహ్నం తీసి, "పోయిందా భయం?" అన్నాడు. "పోయింది నాయనా" అన్నాను. మా ఇంట్లో భయాలు అలాగే పోయేవి. పోయిందని చెబితే పోయినట్టే.

పెద్ద బజారు వెనుక సందులో అద్దె ఇంట్లో ఉండేది పాప చదివే ప్రైవేటు బడి. ఆమె పని గేటు తీయడం, గంట కొట్టడం, నీళ్లు పట్టడం, చిన్నపిల్లలను బాత్రూముకు తీసుకుపోవడం. అందరికీ ఆయమ్మ. పొట్టిగా, బిగువుగా ఉండేది. నడుముకు తాళాల గుత్తి. పలకల అంచులు కోసి కోసి వేళ్ల కొనలు మొద్దుబారి ఉండేవి. గేట్లో నుంచి వచ్చే పిల్లల తలల మీద కూడా కణుపుతో మెల్లగా తట్టేది. "ఇది బాగా మోగుతాంది. ఇది ఇంకా నిద్రపోతాంది. ఏంరా అబ్బయ్యా, ముఖం కడిగినావా, ఊరికే తుడిచినావా?" గంట ఆలస్యమైందని టీచర్లు విసుక్కుంటే, "కంభంలో రైలు గంటసేపు ఆగినా ఎవరూ సావలేదు తల్లీ, నిమిషానికి ఏమైతాది?" అనేది. ఆమెకు రైలు మాట రాని పూట ఉండేది కాదు. పుట్టింది దొనకొండ పక్క.

ఒకరోజు పాప గేటు చువ్వలు పట్టుకుని లోపలికి పోనని వేలాడింది. స్కూటరు స్టాండు వేసి నేను ఒక్కో వేలు విడదీస్తున్నాను. అటుపక్క విడదీస్తే ఇటుపక్క పట్టుకుంటోంది. ఆమె వచ్చి నా చేయి తాకకుండా, చువ్వ మీద తట్టింది.

"వదలండయ్యా. పట్టుకుంటే గేటుకేమన్నా నొప్పా? పట్టుకోనీ."

"టైమైతాంది."

"మీకు దుకాణం టైమైతాంది. పోయి తెరుసుకోండి. బిడ్డ సంగతి మేం మేం చూసుకుంటాం."

అని పాప పక్కన నేల మీద చతికిలబడింది. నేను వెళ్లిపోయాను. వెళ్తూ వెనక్కి చూస్తే పాప ఇంకా చువ్వలు పట్టుకునే ఉంది, ఆమె కూడా కింద నుంచి ఒక చువ్వ పట్టుకుని కూర్చుని ఉంది.

ఆ తర్వాత పొద్దుటి పూట గొడవలు తగ్గాయి. పిల్ల ముఖం పాలిపోయే ఉండేది, కానీ నడిచేది. తాయెత్తు పనిచేసిందని మా అమ్మ, టానిక్కు పనిచేసిందని డాక్టరు, దెబ్బలు పనిచేశాయని నేను అనుకున్నాం.

రెండు మూడు నెలలకు, పరీక్షల రోజు పొద్దున, పెరట్లో బట్టలు ఉతికే రాయి దగ్గర పాప కనపడింది. కళ్లు మూసుకుని ఉంది. ఒక చేయి కడుపు మీద, రెండో చేయి పిడికిలి. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. పిలిస్తే ఉలిక్కిపడి పిడికిలి వెనక్కి దాచింది. బలవంతంగా విప్పించాను. అరచేతిలో పట్టేంత నల్ల పలక ముక్క, అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. దాని మీద మేకుతో గీసిన పొడుగు గీత, ఆ గీతను కోస్తూ చిన్న చిన్న అడ్డగీతలు. తొమ్మిది ఉన్నాయి.

"ఏందిది?"

"రైలు."

"నోట్లో ఏం చదువుతున్నావు?"

"స్టేషన్లు."

"ఎవరు నేర్పినారు?"

"ఆయమ్మ."

పిల్ల చెప్పిన జవాబు చెవిదాకా వచ్చింది, లోపలికి పోలేదు. ఆయమ్మ గురించి నాకు తెలిసింది ఒక్కటే. ఆదివారం తెల్ల చీర కట్టుకుని, చంకలో బైబిలు పెట్టుకుని చర్చికి పోతుంది. మూసిన కళ్లు, కదిలే పెదవులు, గీత మీద అడ్డగీతలు. నాకు తొమ్మిది సిలువలు కనపడ్డాయి.

బడికి ఒక్కణ్ణే పోలేదు. పక్కన బట్టల దుకాణం ఆయన్ను, ఆయన బావమరిదిని వెంట పెట్టుకుని పోయాను. బడి కరస్పాండెంటు మా ముగ్గురికీ కుర్చీలు వేయించి ఆమెను పిలిపించాడు.

"ఏమే, పిల్లలకు ఏం నేర్పిస్తున్నావు?" అన్నాను. ఆమె నాకన్నా పదిహేనేళ్లు పెద్ద.

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని నా చేతిలో పలక ముక్క చూసింది. "ఓ, అదా! రైలయ్యా. దొనకొండ కాణ్ణించి దిగువమెట్ట దాంక."

"ఈ సిలువలేంది?"

"సిలువలా?" ముక్క తీసుకుని వెలుతురుకు తిప్పి చూసింది. చూసి నవ్వింది. "అవి స్టేషన్లయ్యా. పట్టా మీద అడ్డంగా గీస్తే అట్లనే ఉంటాది మరి. బిడ్డే గీసింది. నాకు గీత తిన్నగా యాడొస్తాది?"

ఆ నవ్వు మాకు గిట్టలేదు. బట్టల దుకాణం ఆయన, "చూడు చూడు, ఎంత తెలివిగా మాట్లాడతాందో" అన్నాడు.

"మరి కళ్లు మూసుకుని గొణుక్కునేది ఏంది?" అన్నాను.

"బిడ్డకు భయమయ్యా. పొద్దున్నే కడుపులో..."

"మా పిల్లకు భయమేంది?" అని అరిచాను. గది బయట పిల్లల చదువు ఆగిపోయేంత గట్టిగా అరిచాను. "మా ఇంట్లో ఎవరికీ అట్లాంటివి లేవు!"

ఆ గదిలో నేను భయపడింది ఆమె మతానికి కాదు, ఆ మాటకు. ఆ ఇద్దరి ముందు ఆమె ఆ వాక్యం పూర్తిచేస్తుందేమోనని.

ఆమె నా ముఖం వైపు చూసింది. అర్థమైనట్టుంది. వాక్యం పూర్తిచేయలేదు. పిల్ల ఎన్నిసార్లు వాంతి చేసుకుందో, ఎన్నిసార్లు యూనిఫాం పాడైతే తాను ఉతికి ఎండేసి తొడిగిందో, అవన్నీ చెబితే ఆమె ఉద్యోగం నిలిచేది. అవి నాకు తర్వాత తెలిశాయి. ఒక్కటీ చెప్పలేదు. చెబితే పిల్ల గుట్టు బయటపడుతుంది. నడుము నుంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది.

గేటు దగ్గర నా స్కూటరు పక్కకు వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"రేపట్నుంచి నేనుండను. కృష్ణాపురం కాడ తొందరపెట్టొద్దయ్యా. పెద్ద పేరు. బిడ్డకు ఆడ ఊపిరి చాలదు."

నేను కిక్కు కొట్టాను. ఆమె అలవాటుగా గేటును కణుపుతో ఒక్కసారి తట్టి, విని, వెళ్లిపోయింది.

సాయంత్రం మా ఆవిడ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగితే అంతా చెప్పింది. ఆయమ్మ లెక్క ప్రకారం భయం దొనకొండలో ఎక్కుతుంది. ఎక్కనీ. దాని టికెట్టు దిగువమెట్ట దాకే. మనం తోస్తే దిగదు, తోసేకొద్దీ కమ్మీ గట్టిగా పట్టుకుంటుంది. స్టేషను వస్తే దానంతటదే దిగిపోతుంది. మనం చేయాల్సిందల్లా రైలుతో పాటు పోవడం. ప్యాసింజరు బండి కాబట్టి ప్రతి స్టేషనులో ఆగాలి, ఏ పేరూ వదలకూడదు. చేతిలో చల్లటి పలక పెట్టుకోవాలి, అది వేడెక్కేలోపు గిద్దలూరు వస్తుంది.

"ఏదీ, చెప్పు" అంది మా ఆవిడ.

"దొనకొండ... గజ్జలకొండ... మార్కాపురం రోడ్డు... తర్లుపాడు... కంభం..." పిల్ల ఆగి గుండె నిండా గాలి పీల్చుకుంది. "జగ్గంబొట్ల కృష్ణాపురం. ఇది ఒక్క ఊపిరిలో అనాల. అంటే లోపలిది సగం బయటికి పోతాది. సోమిదేవిపల్లి... గిద్దలూరు... దిగువమెట్ట." చెప్పి, మా ఇద్దరి ముఖాలూ చూసి, "ఆయమ్మ కూడా భయపడిందంట. పెళ్లైనాక. గిద్దలూరు పక్క అత్తగారింటికి పోతా రైల్లో ఇట్లనే చెప్పుకుందంట. పెద్దోళ్లు కూడా భయపడతారా నాన్నా?" అంది.

నేను లేచి బయటికి వచ్చాను. మా ఆవిడ వెనకే వచ్చింది.

"పోయి చెప్పి రాండి, పొరపాటైందని."

"ఏమని చెప్పమంటావు? మా పిల్ల బడికి పోవాలంటే వణుకుతాంది, అందుకని రైలు స్టేషన్లు వల్లించుకుంటాందని చెప్పమంటావా? రేపు బజారంతా ఏమంటారో తెలుసా? పిల్లకు పిచ్చి అంటారు. ఆ పేరు ఇంక జన్మలో పోదు."

"మరి ఆమెకు పడిన పేరో?"

 నేను కోపం తెచ్చుకుని దుకాణానికి పోయాను.

మర్నాడు గేటు దగ్గర వేరే మనిషి ఉంది. పాప చువ్వలు పట్టుకుంది. పేర్లు మొదలుపెట్టింది, నాకు వినపడుతూనే ఉంది. కంభం దగ్గర ఆగింది. గాలి పీల్చుకుంటోంది. నాకు దుకాణం టైమవుతోంది. "ఇంక చాల్లే, నడువు" అని భుజం పట్టి తోశాను. అక్కడే వాంతి చేసుకుంది. అందరూ చూస్తున్నారని చెంప మీద కొట్టాను. ఆ ఏడు మధ్యలోనే బడి మార్చాం. బజారులో మాత్రం నేను పిల్లను కాపాడుకున్న తండ్రినయ్యాను. ఇద్దరు ముగ్గురు వచ్చి మెచ్చుకున్నారు కూడా.

ఎనిమిదేళ్ల తర్వాత ఆమెను మళ్లీ చూశాను. పాపను ఇంటర్మీడియట్‌కు దూరంగా హాస్టల్లో వేశాం. రెండు నెలలు అన్నం సహించక, నిద్రలేక సగమై తిరిగివచ్చింది. ఎవరికీ చెప్పకుండా శ్రీశైలం తీసుకుపోతూ దోర్నాల దగ్గర కారు ఆపి టీకి దిగాను. రోడ్డు పక్క హోటలు వెనుక తొట్టి దగ్గర ఒకామె గ్లాసులు కడిగి, ఒక్కొక్క దాన్నీ కణుపుతో తట్టి బోర్లిస్తోంది. ఆ తట్టడంతోనే గుర్తుపట్టాను. నేను తిరిగిపోయేలోపు ఆమె కూడా గుర్తుపట్టింది.

"అయ్యా, బాగుండారా? పాప ఎట్లుండాది?"

"పాపకేం? బ్రహ్మాండంగా చదువుతాంది."

"కృష్ణాపురం దాటుతాందా?"

"ఎప్పుడో దాటింది."

కారు ముప్పై అడుగుల దూరంలో ఉంది. అద్దానికి తల ఆనించుకుని పాప అందులోనే ఉంది. ఆమె చూపు ఒక్కసారి అటు పోయి వచ్చింది.

"సంతోషమయ్యా" అంది. లోపలికి పోయి కాగితంలో ఉడికిన వేరుశనక్కాయలు కట్టుకొచ్చింది. "బిడ్డకియ్యండి. నేనిచ్చినానని చెప్పాల్సిన పన్లేదు."

నేను చెప్పలేదు. కొన్నానని చెప్పాను. పాప పొట్లం విప్పలేదు. కారు కదిలి ఘాట్ రోడ్డు ఎక్కేదాకా వెనక్కి తిరిగి ఆ హోటలు వైపే చూసింది. చూపు మంచిదే మా పాపకు.

ఇప్పుడు పాప కంభంలో ఒక బ్యాంకులో పనిచేస్తోంది. పోయిన నెల ఫోను చేసింది. "నాన్నా, ఆయమ్మ పోయింది. మూడో రోజు ప్రార్థన కూడిక ఉంది. నేను పోతున్నా. నువ్వొస్తావా?" రమ్మనలేదు. వస్తావా అని అడిగింది.

మార్కాపురంలోనే, పలకల ఫ్యాక్టరీలు ఉన్న వైపు కాలనీలో ఇల్లు. ముందర షామియానా వేశారు. ఆమె కూతురు వచ్చి కుర్చీ చూపించింది. "రాండన్నా, కూర్చోండి. ఈ పాప నాయన మీరేనా? పాప నెలకొకసారన్నా వచ్చేది మా అమ్మ కాడికి. ఏడెనిమిదేండ్లుగా." నాకు తెలియదు. తెలిసినట్టు తలూపాను.

"మీ గురించి కూడా చెప్పేది మా అమ్మ."

"ఏమని?"

"పిల్లంటే ప్రాణమున్న మనిషి, భయమైతే అరుస్తాడంతే, అని."

ఆమె నన్ను కూడా తట్టి చూసిందన్నమాట. ఎప్పుడో, నాకు తెలియకుండా.

పాటలయ్యాయి. పాస్టరుగారు, "అమ్మను గురించి ఇంకెవరైనా రెండు మాటలు చెప్పేవాళ్లుంటే లేవండి" అన్నారు. లేచాను. ఎలా లేచానో తెలియదు. మైకు చేతికొచ్చింది. యాభై మంది ఉంటారు.  గోదాములో బెల్లం వాసన వచ్చింది, నిజంగా వచ్చింది. అరచేతిలో మైకు జారిపోతోంది. పక్కన కూర్చున్న పాప తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినపడేలా, "తొందరేం లేదు నాన్నా" అంది.

దొనకొండ. గజ్జలకొండ. మార్కాపురం రోడ్డు. తర్లుపాడు. కంభం. ఆ పెద్ద పేరు దగ్గర ఊపిరి చాల్లేదు. పాస్టరుగారు చాలాసేపు ఓపిగ్గా చూశారు. తర్వాత నా భుజం మీద చేయి వేసి, మైకు తీసుకుని, ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ నేను దుఃఖంతో మాట్లాడలేకపోయాననుకున్నారు. ఆ కాస్త మంచి పేరు కూడా నాకే వచ్చింది.

తిరిగివస్తుంటే పాప అడిగింది, "ఎక్కడి దాకా పోయినావు?"

"కృష్ణాపురం."

"నేను కూడా చాలాసార్లు అక్కడే ఆగిపోతా" అంది. ఇప్పటికీనా అని అడగబోయి ఊరుకున్నాను. తర్వాత, ఊరుకోవడం మంచిది కాదనిపించి అడిగాను. "ఇప్పటికీనా అమ్మా?"

"ఇప్పటికీ" అంది. ఇంటిదాకా చెబుతూనే ఉంది. పిల్ల పుట్టి ఇరవైమూడేళ్లు. నేను అడ్డుపడకుండా విన్నది అదే మొదటిసారి.

మైకులో చెప్పాల్సింది ఇది. ఆమె మా పాపకు ఏ ప్రార్థనా నేర్పలేదు. తొమ్మిది స్టేషన్ల పేర్లు నేర్పింది. మా పాపకు భయం ఉండేది, ఇప్పుడూ ఉంది. నాకూ ఉంది. దాన్ని దాచుకోవడానికి ఆమె పరువు అడ్డం పెట్టుకున్నాను.

ఆ రోజు నాతో బడికి వచ్చిన ఇద్దరిలో బావమరిది ఇప్పుడు లేడు. బట్టల దుకాణం ఆయన ఉన్నాడు, రోజూ పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తుతాడు. రేపు ఈ కాగితాలు తీసుకుపోయి ఆయన ముందు కూర్చుని నేనే చదువుతాను. తర్వాత బజారులో ఎవరడిగితే వాళ్లకు.

అనుకుంటేనే అరచేతులు చెమట పడుతున్నాయి. దొనకొండలో ఎక్కింది.

ఎక్కనీ.